పెట్టెలో దొరికిన పాటలు ఎవరికి వినిపించాలి?

ప్రశ్న: నమస్కారమండీ. మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. చాలా ఏళ్ళుగా అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఆమధ్య మా వీధి చివర ఉండే ఒక నల్లజాతి పెద్దాయన పోతే, వాళ్ళ పిల్లలు ఇంట్లో సామానంతా ఎస్టేట్ సేల్‌కి పెట్టారు. అక్కడ చిన్న సైజు రికార్డులున్న పెట్టె ఒకటి చవగ్గా వస్తే తెచ్చుకున్నాను. అన్నీ 1965 నుంచి 1975 దాకా వచ్చిన సోల్, ఫంక్ పాటలు (నల్లవాళ్ళ పాటల్లో గొంతు ముందుండేవి సోల్, దరువు ముందుండేవి ఫంక్). సగం పేర్లు నేనెన్నడూ వినలేదు. వింటుంటే మాత్రం మతిపోతోంది. ఇంత మంచి పాటలు ఎవరికీ తెలియకుండా ఎలా ఉండిపోయాయి?

నా బాధ ఏమిటంటే ఒక్కణ్ణే వినలేను. మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో లింకులు పెడితే ఒకరిద్దరు బొటనవేలు చూపించి ఊరుకుంటున్నారు. ఒకతను మాత్రం నేను పంపిన పాటల్నే ఏదో పార్టీలో వేసి, తనే వెతికి పట్టినట్టు చెప్పుకున్నాడు. ఒళ్ళు మండింది. రికార్డుల షాపులో పరిచయమైన ఒక కలెక్టర్ “మంచిది దొరికితే పేరు బయటపెట్టకు” అంటాడు. ఇంకో ఫ్రెండ్ “అన్నీ యూట్యూబ్‌లో ఎక్కించెయ్, పుణ్యం వస్తుంది” అంటాడు. మా ఆవిడ “ఇంకో పెట్టె గుమ్మం దాటి వస్తే నేను ఊరుకోను” అంటోంది. ఎవరి మాట వినమంటారు?
— కొలంబస్ నుంచి ఒక పాఠకుడు

సమాధానం:

ముందు మీరున్న ఊరి సంగతి చెప్పాలి. ఎందుకంటే ఈ పాటల విషయంలో మీరు చాలా అదృష్టవంతులు, ఆ సంగతి మీకు తెలిసినట్టు లేదు.

1970 ప్రాంతంలో కొలంబస్‌లో బిల్ మాస్ అని ఒకాయన ఉండేవాడు. డబ్ల్యూవీకేఓ రేడియోలో డీజే, స్వయంగా గాయకుడు. ఊళ్ళో ఇంత గొంతున్న కుర్రాళ్ళుంటే మోటౌన్ అనే పెద్ద రికార్డుల కంపెనీ ఉన్న డెట్రాయిట్ వైపు చూడటం ఎందుకనుకున్నాడేమో, క్యాప్‌సోల్ అని సొంత లేబుల్, అంటే రికార్డుల కంపెనీ పెట్టాడు. మారియన్ బ్లాక్, ఫోర్ మింట్స్, కూల్ బ్లూస్ లాంటి వాళ్ళ చేత పాడించాడు. ‘జాన్సన్, హాకిన్స్, టేటమ్ అండ్ డర్’ అనే గ్రూపు కూడా ఆయనదే. నలుగురి ఇంటిపేర్లు కలిపితే అదే గ్రూపు పేరు. మారియన్ బ్లాక్ పాట ఒకటి దేశవ్యాప్త ఆర్ అండ్ బీ (నల్లవాళ్ళ పాటల) చార్టు దాకా వెళ్ళింది. అంతే, కొన్నేళ్ళకే లేబుల్ మూతపడింది. బిల్ మాస్ తర్వాత కొలంబస్ స్కూల్ బోర్డు సభ్యుడిగా జనానికి తెలిశాడు గానీ, ఆయన తీసిన రికార్డులు అటకల మీదకూ నేలమాళిగల్లోకీ వెళ్ళిపోయాయి. 2003లో షికాగోలో మొదలైన న్యూమెరో గ్రూప్ అనే సంస్థ ఇలాంటి మరుగునపడ్డ పాటల్ని వెతికి, హక్కుదారులతో మాట్లాడి, మళ్ళీ విడుదల చేస్తుంది. ఆ సంస్థ 2004లో తెచ్చిన మొట్టమొదటి సంకలనం మీ ఊరి క్యాప్‌సోల్ పాటలదే.

రెండో కథ మీకు ఇంకా దగ్గరిది. కొలంబస్‌లోనే ప్రిక్స్ అని ఇంకో చిన్న లేబుల్ ఉండేది. దాన్ని నడిపిన వాళ్ళలో ఒకరి ఇంటి ఎస్టేట్ సేల్‌లో కొన్ని పాత టేపులు దొరికాయి. వాటిలో ఒక దాని మీద ‘పెన్నీ అండ్ ద క్వార్టర్స్’ అనే పేరు తప్ప వివరం లేదు. ‘యూ అండ్ మీ’ అనే పాట, దాదాపు ఒక గిటారూ కొన్ని గొంతులూ, అంతే. విడుదల కోసం చేసింది కూడా కాదు, రిహార్సల్ లాంటి రికార్డింగ్. న్యూమెరో వాళ్ళు దాన్ని 2007లో ప్రిక్స్ సంకలనంలో పెట్టారు. 2010లో ‘బ్లూ వాలెంటైన్’ సినిమాలో వాడుకున్నారు. పాట ప్రపంచమంతా తిరుగుతోంది, పాడినామె ఎవరో తెలియదు. సినిమా వచ్చాక ఊళ్ళో వాకబు చేస్తే తేలింది: నానీ షార్ప్ అనే ఆవిడ, అన్నదమ్ములతో కలిసి ఎప్పుడో చిన్నప్పుడు పాడింది. ఆవిడకి తన పాట బయటికొచ్చిందనే తెలియదు.

ఒక ఎస్టేట్ సేల్‌లో టేపు దొరికితే ఇంత జరిగింది. మీ పెట్టెలో అలాంటిది ఉందని నేననటం లేదు, ఆశ పెట్టుకోకండి. కానీ అమెరికాలో ఈ పాటలు ఎక్కడ పుట్టాయో ఆ ఊళ్ళోనే ఉండి, వాటిని గుంటూరు, హైదరాబాద్ కుర్రాళ్ళకు మాత్రమే వినిపించాలని మీరు తంటాలు పడుతున్నారు. ఇక్కడే నాకు కాస్త తేడా కొడుతోంది.

“ఎవరికీ తెలియకుండా ఎలా ఉండిపోయాయి” అని రాశారు. ఎవరికీ అంటే? ఆ పెద్దాయనకి తెలుసు. డబ్బులిచ్చి కొన్నాడు, ఇన్నేళ్ళు దాచుకున్నాడు. రికార్డు మధ్యలో ఉండే కాగితపు లేబుల్ మీద పెన్నుతో పేరు రాసుందేమో చూడండి, ఈ రికార్డుల మీద చాలావాటికి ఉంటుంది. ఎవరింట్లోనైనా పార్టీ అంటే తలా కొన్ని రికార్డులు పట్టుకెళ్ళేవాళ్ళు, తిరిగొచ్చేటప్పుడు కలిసిపోకుండా పేరు రాసుకునేవాళ్ళు. కలెక్టర్లు ఆ రాతని లోపమంటారు, ధర తగ్గిస్తారు. నన్నడిగితే రికార్డు మీద అంతకన్నా విలువైన సమాచారం ఇంకొకటి లేదు. ఎవరు ఏ పాటకి నాట్యం చేశారో అది చెబుతుంది.

కాబట్టి మీరు మొదట వినిపించవలసింది వాళ్ళ పిల్లలకి. సామాను అమ్మే హడావుడిలో ఎవరూ పెట్టె తెరిచి చూసి ఉండరు. ఒకసారి పలకరించి, “మీ నాన్నగారి రికార్డులు నా దగ్గరున్నాయి, వింటున్నాను, మీకు వీటిలో ఏదైనా గుర్తుందా” అని అడగండి. వాళ్ళలో ఎవరైనా ఒకటి వెనక్కి కావాలంటే మారుమాట లేకుండా ఇచ్చెయ్యండి. తర్వాత మీ ఆఫీసులోనో లైబ్రరీలోనో డెబ్భై దాటిన నల్లజాతి పెద్దవాళ్ళు ఎవరైనా పరిచయముంటే వాళ్ళు. మౌంట్ వెర్నన్ అవెన్యూ, ఈస్ట్ లాంగ్ స్ట్రీట్ ప్రాంతం ఒకప్పుడు కొలంబస్‌లో నల్లవాళ్ళ సంగీతానికి కేంద్రం, లింకన్ థియేటర్ ఇప్పటికీ అక్కడే ఉంది. 1960లలో హైవేలు ఆ పేటని కోసుకుంటూ పోయాయి. క్లబ్బులు పోయాయి, జనం చెదిరిపోయారు, కానీ విన్న చెవులు ఇంకా ఊళ్ళోనే ఉన్నాయి. అయితే ఒక హెచ్చరిక: వాళ్ళ ముందు మైకు పెట్టి ఇంటర్వ్యూ మొదలెట్టకండి. పాట వెయ్యండి, కాఫీ ఇవ్వండి, వాళ్ళంతట వాళ్ళు మాట్లాడితే వినండి. “ఈ పాట మీకు తెలుసా?” అని మీరు వాళ్ళకి పరీక్ష పెట్టినట్టుంటే అసలుకే మోసం.

ఇక ఇంత మంచి పాటలు ఎందుకు మూలపడ్డాయన్నది. బాగాలేక కాదు, బండి దొరక్క. చిన్న లేబుల్ వాడు అయిదొందలో వెయ్యో రికార్డులు అచ్చేయించి, కారు డిక్కీలో పెట్టుకుని రేడియో స్టేషన్ల చుట్టూ, షాపుల చుట్టూ తిరిగేవాడు. ఊళ్ళో రేడియో వేస్తే ఊళ్ళో అమ్ముడుపోయేది. పక్క రాష్ట్రానికి చేరాలంటే డిస్ట్రిబ్యూటర్ కావాలి. ఆ డిస్ట్రిబ్యూటర్ సరుకు తీసుకుని డబ్బులు ఎప్పటికో ఇచ్చేవాడు, ఒక్కోసారి ఇచ్చేవాడే కాదు. ఇందులో తమాషా ఏమిటంటే, పాట కాస్త హిట్టయితేనే చిన్న లేబుల్‌కి అసలు ప్రమాదం. ఇంకా రికార్డులు అచ్చేయించడానికి చేతి డబ్బు పెట్టాలి, పాత డబ్బు రాదు. దీనికి విరుగుడు కనిపెట్టినవాడు మీ రాష్ట్రంలోనే ఉండేవాడు. సిన్సినాటిలో సిడ్ నేథన్ 1943లో మొదలుపెట్టిన కింగ్ రికార్డ్స్‌కి స్టూడియో, అచ్చు యంత్రాలు, పంపిణీ అన్నీ తనవే. గాయకుడు జేమ్స్ బ్రౌన్ 1967లో ‘కోల్డ్ స్వెట్’ అక్కడే రికార్డు చేశాడు. ఫంక్ అనేది ఎక్కడ మొదలైందంటే చాలామంది వేలు పెట్టి చూపించేది ఆ పాటనే. మీ ఇంటి నుంచి రెండు గంటల లోపు ప్రయాణం. అటువైపు డేటన్ ఉంది, ఒహాయో ప్లేయర్స్, స్లేవ్, లేక్‌సైడ్ అందరూ ఆ ఒక్క ఊళ్ళోంచి వచ్చినవాళ్ళే. వీళ్ళు పేరున్నవాళ్ళు. వీళ్ళ వెనక అదే వీధుల్లో, అవే స్కూలు బ్యాండుల్లో వాయించి, ఒక్క రికార్డు తీసి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వెళ్ళిపోయినవాళ్ళు ఎందరో. మీ పెట్టెలో ఉన్నది వాళ్ళు.

సరే, మన వాట్సాప్ గ్రూపు. అక్కడ తప్పు పాటలది కాదు, శ్రోతలదీ కాదు. గ్రూపులో గుడ్ మార్నింగులూ, హెచ్1బీ టెన్షన్లూ, స్కూలు అడ్మిషన్లూ దాటుకుని మీ లింకు దగ్గరికి ఎవరైనా వచ్చినా, ఏ పాటైనా సరే మొదటి ఇరవై సెకన్లు ఫోను స్పీకర్లోంచి వింటారు. ఫోను స్పీకర్లో బేస్ గిటార్ వినపడదు. ఫంక్ పాటలో బేస్ వినపడకపోతే ఇక మిగిలేదేముంది? ఎవరో అరుస్తున్నట్టుంటుంది. గ్రూపులో పెట్టడం మానెయ్యండి. ఎవరికి సంగీతం మీద నిజంగా ఆసక్తి ఉందో వాళ్ళు ముగ్గురో నలుగురో, వాళ్ళని ఇంటికి పిలవండి. పాట్‌లక్ రోజున కాదు. ఆ రోజు పిల్లలు, బిర్యానీ, ఆటలు, మీ పాట ఎవడికీ పట్టదు.

ఎవరిని పిలవాలో ఒక గుర్తు చెబుతాను. ఇళయరాజా పాట వస్తుంటే గొంతుని వదిలేసి “ఆ బేస్ చూడు” అనేవాడు ఒకడు ప్రతి గ్రూపులోనూ ఉంటాడు. వాణ్ణి పట్టుకోండి. వాడికి సోల్ గురించి ఏమీ తెలియనక్కర్లేదు, ఎక్కడ వినాలో తెలుసు.

మొదటే ఫంక్ వెయ్యకండి. మన చెవికి రాగం, గొంతు ముందు కావాలి. ‘యూ అండ్ మీ’తో మొదలుపెట్టవచ్చు, ఇప్పుడే చెప్పిన కథ కూడా చేతిలో ఉంది. తర్వాత మెంఫిస్ ఊరి పాటకి వెళ్ళండి. హై రికార్డ్స్‌లో విల్లీ మిచెల్ ప్రొడ్యూస్ చేసిన యాన్ పీబుల్స్ పాట, 1973లో వచ్చిన ‘ఐ కాంట్ స్టాండ్ ద రెయిన్’. అంత మరుగునపడ్డది కాదనుకోండి, కానీ మనవాళ్ళలో చాలామంది వినలేదు. మొదట్లో టపటపమని చినుకుల్లా పడే చప్పుడుకే గదిలో మాటలు ఆగిపోతాయి. ఆ తర్వాత మీ పెట్టెలోంచి ఒకటి. అప్పుడు ఫంక్. వేసే ముందు ఒక్క ముక్క చెప్పండి: నాలుగు దెబ్బల్లో మొదటి దెబ్బ ఎక్కడ పడుతుందో పట్టుకోమనండి. జేమ్స్ బ్రౌన్ తన బ్యాండుకి ఏళ్ళ తరబడి నేర్పింది అదే, అందరూ ఏమైనా వాయించుకోండి, ఆ ఒకటో దెబ్బ దగ్గర కలవండి అని. డ్రమ్స్, బేస్, గిటార్, బాకాలు ఎవరి ముక్క వాళ్ళది, ఏ ఒక్కటీ విడిగా పెద్దగా ఏమీ ఉండదు. అన్నీ కలిసి ఒకదాని సందుల్లో ఒకటి అమరుతాయి. గాయకుడు ఒక మాట విసిరితే వెనకవాళ్ళు అందుకోవడం గురించి మాత్రం వివరించనక్కర్లేదు, బుర్రకథలో వంతలు విన్నవాళ్ళకి అది పుట్టుకతో తెలుసు.

ఈ చిన్న రికార్డు పాట మామూలుగా మూడు నిమిషాలు దాటదు. గంటలో అయిదారు చాలు. పాటకి ముందు రెండు వాక్యాలు: ఎవరు, ఏ ఊరు, ఏ ఏడాది. అంతకు మించి ఉపన్యాసం వద్దు. పాట అయ్యాక “ఎలా ఉంది, ఎలా ఉంది” అని మొహం మీద పడకండి. మీకు కన్నీళ్ళొచ్చిన చోట వాళ్ళకి రాకపోవచ్చు. ఒకటి నచ్చకపోతే దాన్ని సమర్థించుకుంటూ కూర్చోకండి, రికార్డు తిరగేసి రెండో వైపు వెయ్యండి. రెండో వైపుని తక్కువ అంచనా వెయ్యొద్దు. గ్లోరియా జోన్స్ పాడిన ‘టెయింటెడ్ లవ్’ 1965లో ఒక రికార్డు బి సైడ్‌గా వచ్చి, ఎవరూ పట్టించుకోక మూలన పడింది. ఇంగ్లండ్ డీజే ఒకాయన 1973లో అమెరికా వెళ్ళినప్పుడు ఆ రికార్డు కొనుక్కొచ్చి క్లబ్బుల్లో వేశాడు. 1981లో సాఫ్ట్ సెల్ అనే ఇంగ్లీషు బృందం దాన్ని మళ్ళీ పాడితే అక్కడ నంబర్ వన్.

ఇంకోటి. “ఇది చాలా అరుదైన రికార్డు తెలుసా, ఇంత ధర పలుకుతుంది” అని మాత్రం మొదలుపెట్టకండి. ధర వినగానే వింటున్నవాడి బుర్ర పాట మీద నుంచి డబ్బు మీదకి పోతుంది. పైగా అరుదైనదంతా గొప్పది కాదు. న్యాయంగానే మరుగునపడ్డవీ బోలెడున్నాయి. మీ పెట్టెలో మూడో వంతు అలాంటివే అయి ఉంటాయి, ఆ సంగతి ఒప్పుకుంటే మిగతావాటి గురించి మీరు చెప్పేది జనం నమ్ముతారు.

ఆ కలెక్టర్ చెప్పిన ‘పేరు దాచు’ అనే మాట కొత్తది కాదు. దానికి పెద్ద చరిత్రే ఉంది. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో 1520 సెజ్విక్ అవెన్యూలో పార్టీ చేసి హిప్‌హాప్‌కి ఆద్యుడనిపించుకున్న డీజే కూల్ హెర్క్, పక్క డీజేలకి పేరు తెలియకూడదని రికార్డుల్ని నీళ్ళలో నానబెట్టి లేబుళ్ళు ఊడదీసేవాడు. ఆ చిట్కా చెప్పింది వాళ్ళ నాన్నట. సముద్రం అవతల ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతాల్లో, విగన్ కాసినో లాంటి క్లబ్బుల్లో, తెల్లవార్లూ పాత అమెరికన్ సోల్ పాటలకి నాట్యం చేసేవాళ్ళు. డేవ్ గోడిన్ అనే రికార్డు షాపు ఆయన ఆ వరసకి నార్తర్న్ సోల్ అని పేరు పెట్టాడు. అక్కడి డీజేలు లేబుల్ మీద కాగితం అతికించి, అబద్ధపు పేరు ప్రకటించేవాళ్ళు. ఫ్రాంక్ విల్సన్ పాడిన ‘డూ ఐ లవ్ యూ’ అనే పాట 1965లో మోటౌన్ అచ్చేసి విడుదల చెయ్యకుండానే ఆపేసిన రికార్డు. విగన్‌లో దాన్ని ఎడ్డీ ఫోస్టర్ పాటగా చెప్పి వేశారు. తెలిసిన కాపీలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. 2009లో ఒకటి పాతికవేల పౌండ్లు పైన పలికింది, 2020లో లక్ష దాటింది.

వాళ్ళని నేను తప్పుపట్టను. శనివారం రాత్రి ఆ పాట తమ దగ్గర తప్ప దొరకదంటేనే జనం వచ్చేవాళ్ళు, అది వాళ్ళ బతుకుతెరువు. మీకేం అవసరం? మీరు టికెట్లు అమ్ముకోవటం లేదు. పైగా ఈ పాటలు పోగొట్టుకున్నదే పేరు. ధ్వని ఎక్కడో ఒకచోట గాడుల్లో భద్రంగానే ఉంది, పాడినవాడి పేరే పోయింది. దాన్ని మీరు కూడా దాస్తే ఇక వాళ్ళ దిక్కెవరు? బ్రాంక్స్‌లో దాచిన పేర్లని తర్వాత బయటపెట్టినవాళ్ళూ ఉన్నారు. 1986 నుంచి 1991 దాకా ‘అల్టిమేట్ బ్రేక్స్ అండ్ బీట్స్’ అని పాతిక సంకలనాలు వచ్చాయి. డీజేలు గుట్టుగా వాడుకునే పాటలన్నీ పేర్లతో సహా అందులో అచ్చయ్యాయి. ఆ తర్వాత వచ్చిన హిప్‌హాప్‌లో ఎంత భాగం దాన్లోంచి పుట్టిందో చెప్పలేం.

మీ పాటలు తన పేరున చెలామణీ చేసుకున్న ఫ్రెండ్ విషయం కూడా ఇక్కడే తేల్చేద్దాం. కోపం వస్తుంది, నిజమే. కానీ ఆ పాట మీరు పాడలేదు, వాయించలేదు, అచ్చేయించలేదు. ముందు విన్నారు, అంతవరకే. దెబ్బతిన్నవాళ్ళ లెక్క తీస్తే మన వంతు చాలా చివర. 1969లో వాషింగ్టన్ బృందం విన్‌స్టన్స్ ఒక రికార్డు తీసింది. ఏ సైడ్ పాటకి గ్రామీ వచ్చింది. బి సైడ్ ‘ఆమెన్, బ్రదర్’ని ఎవరూ అడగలేదు. అందులో డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ ఒంటరిగా ఏడు సెకన్ల పాటు వాయించిన ముక్క ఉంది. ఆ ఏడు సెకన్లని కత్తిరించి, అతికించి, వేగం పెంచి వేలాది పాటల్లో వాడారు. ఇంగ్లండ్‌లో జంగిల్, డ్రమ్ అండ్ బేస్ అనే వరసలే దాని మీద నిలబడ్డాయి. కోల్‌మన్‌కి పైసా రాలేదు, 2006లో ఇల్లూవాకిలీ లేని స్థితిలో చనిపోయాడు. బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కి 2015లో బ్రిటన్ అభిమానులు చందాలు వేసి 24,000 పౌండ్లు పంపారు. ఆ రికార్డు మీద ఆయన చేతికొచ్చిన చెప్పుకోదగ్గ డబ్బు అదేనంటారు. సిన్సినాటిలో జేమ్స్ బ్రౌన్ పాట ‘ఫంకీ డ్రమ్మర్’కి డ్రమ్స్ వాయించిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ కథా అంతే. ఆయన దరువు లేని హిప్‌హాప్ ఆల్బమ్ ఉందా అనిపిస్తుంది, పాట రాసినవాడిగా పేరు లేదు కాబట్టి రాయల్టీ లేదు.

మీ ఫ్రెండ్‌కి ఫోన్ చేసి “నా పాట ఎందుకు వేశావు” అనకండి. “వేసినప్పుడు ఎవరు పాడారో చెప్పావా?” అని అడగండి. చెప్పకపోతే అప్పుడు గట్టిగా దెబ్బలాడండి, నేను మీ పక్షం.

యూట్యూబ్ సంగతి. పుణ్యం వస్తుందో లేదో గానీ చట్టం ఒప్పుకోదు. పాతవి కదా, హక్కులు పోయుంటాయి అనుకోకండి. అమెరికాలో 2018లో మారిన చట్టం ప్రకారం 1957 నుంచి 1972 ఫిబ్రవరి మధ్య దాకా విడుదలైన రికార్డింగులకి 2067 దాకా రక్షణ ఉంది. చట్టం పక్కనబెట్టినా, పద్ధతి ఒకటుంది. ఆ పాట మళ్ళీ విడుదలై ఉందేమో ముందు వెతకండి. న్యూమెరో ఉంది, లండన్‌లో ఏస్ రికార్డ్స్ వాళ్ళ కెంట్ లేబుల్ ఉంది, లాస్ ఏంజిలిస్‌లో నౌ-ఎగైన్ ఉంది. నౌ-ఎగైన్ వాళ్ళు 2006లో హ్యూస్టన్‌లోని కష్మియర్ అనే హైస్కూలు బ్యాండు రికార్డుల్ని కూడా తెచ్చారు. స్కూలు పిల్లలు వాయించిన ఫంక్ అది, వింటే నమ్మరు. అలా దొరికితే పాటలు అమ్మే బ్యాండ్‌క్యాంప్ సైటులోనో ఇంకోచోటో అధికారికంగా ఉన్న లింకే పంపండి. పాడినవాళ్ళకో వాళ్ళ వారసులకో కొంతైనా చేరే దారి అదే. అమెరికాలో మామూలు రేడియోలో పాట వేస్తే రాసినవాడికి డబ్బొస్తుంది, పాడినవాడికి రాదు. రేడియోలో వేసినా వాళ్ళకి ఒరిగేదేమీ లేదన్నమాట.

ఎక్కడా దొరకని పాటైతే, పాటంతా ఎక్కించే బదులు దాని వివరాలు ఎక్కించండి. రెండు వైపులా లేబుల్ ఫోటో తియ్యండి. పాట అయిపోయాక లేబుల్ దాకా ఉండే ఖాళీ చోట వెలుతురుకి వంచి చూస్తే సన్నగా చెక్కిన అంకెలు కనిపిస్తాయి, అవీ రాసుకోండి. రికార్డుల వివరాలన్నీ చేర్చే డిస్కాగ్స్ అనే వెబ్‌సైటులో ఆ రికార్డు నమోదు కాకపోతే మీరే నమోదు చెయ్యండి. పాట రాసినవాడి పేరు లేబుల్ మీద పాట కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, దాన్ని వదిలెయ్యకండి. వెతకడానికి అసలు దారి చాలాసార్లు అదే అవుతుంది. మీ రాష్ట్రంలోనే బౌలింగ్ గ్రీన్ యూనివర్సిటీలో బిల్ షర్క్ సౌండ్ ఆర్కైవ్స్ ఉంది, అమెరికాలో జనాదరణ సంగీతానికి ఉన్న పెద్ద భాండాగారాల్లో ఒకటి. కొలంబస్ లైబ్రరీలో స్థానిక చరిత్ర విభాగమూ ఉంది. మీ పెట్టెలో ఊరి లేబుళ్ళుంటే ఇద్దరినీ ఒకసారి అడగండి.

రికార్డుల జాగ్రత్త గురించి మీరు అడగలేదు గానీ ఒక మాట. మన ఇళ్ళలో ఉండే సినిమా పాటల ఈపీలు కూడా ఈ చిన్న రికార్డుల్లాగే నిమిషానికి 45 చుట్లు తిరిగేవే, కాకపోతే చాలావాటికి మధ్య చిల్లు చిన్నది. అమెరికావి పెద్ద చిల్లు, అడాప్టర్ సరిగ్గా మధ్యలో కూర్చోకపోతే పాట ఊగుతుంది. వీటిలో కొన్ని వినైల్ కాదు, స్టైరీన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో పోసినవి. అరిగిన ముల్లుతో రెండుసార్లు వేస్తే చాలు, బరబరమంటాయి. ముల్లు కొత్తది కొనండి. పెట్టె బేస్‌మెంట్‌లో పెట్టకండి, చెమ్మకి బూజు పడుతుంది.

చివరికి మీ ఆవిడగారి మాట. ఇన్ని సలహాల్లో నాకు అన్నిటికన్నా సబబుగా ఉన్నది ఆవిడదే. ఉన్న పెట్టె పూర్తిగా వినకుండా ఇంకోటి తేవద్దు. విన్నాక మూడు భాగాలు చెయ్యండి. మీరు మళ్ళీ మళ్ళీ వేసేవి ఉంచుకోండి. బాగున్నా మీకు పట్టనివి, ఆ బేస్ వినే ఫ్రెండ్‌కి ఇచ్చెయ్యండి, అమ్మకండి. మిగతావి రికార్డుల షాపులో ఆ కలెక్టర్ కొంటాడేమో అడగండి. ఖాళీ అయిన చోట కొత్తవి పట్టినన్నే తెచ్చుకోవచ్చని ముందే ఆవిడతో ఒప్పందం చేసుకోండి. ఆ ఒప్పందం జరిగే సాయంత్రం యాన్ పీబుల్స్ పాట వేసి ఉంచితే తప్పులేదు.